నేపాలం బస్సులో మా అమ్మ బిందె

నేపాలం వెళ్లొచ్చామని చెబితే ఎవరైనా ముందు అడిగేది పశుపతినాథుణ్ణి బాగా చూశారా అనే. ఆ యాత్రలో నేను చూడలేదు. మా అమ్మా చూడలేదు. జువ్వలదిన్నె పక్కనున్న మా పల్లె నుంచి హిమాలయాల దాకా, వెన్నుపూసలు కదిలిపోయేలా రోజుల తరబడి బస్సులో కూర్చుని వెళ్లి, గుడి కింద ఏటి మెట్ల మీద నుంచి వెనక్కి తిరిగి వచ్చేశాం. ఎందుకు వచ్చేశామో ఆ బస్సులో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఊళ్లకు చేరాక వాళ్లు దాన్ని నవ్వుకోవడానికి చెప్పుకున్నారు. నేను చెప్పేది అందుకు కాదు.

నాకు మరపు తక్కువ. "మంచి గుర్తుండదు మే నీకు. ఎవురన్నా ఒక మాటంటే మాత్రం రాతి మీద చెక్కినట్టు పెట్టుకుంటావు" అనేది అమ్మ. నిజమే. ఆ యాత్రలో చూసిన గుళ్లు ఇప్పుడు ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. ఎవరు ఏ సీట్లో కూర్చుని ఏమన్నారో మాత్రం ఒక్క అక్షరం పోకుండా చెప్పగలను.

మా నాయన నాకు ఎనిమిదేళ్లప్పుడు సముద్రం మీద చేపల వేటకు వెళ్లి తిరిగి రాలేదు. ఆయన తెప్ప దుంగలు రెండు అల్లూరు వైపు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. మనిషి రాలేదు. అలా సముద్రంలో పోయి దొరకనివాళ్లకు చితి ఉండదు, బూడిద ఉండదు. అందుకని మా పల్లెలో ఒక పద్ధతి ఉంది. ఆ మనిషి తెప్ప ఆఖరుసారి ఎక్కడ నీళ్లలోకి దిగిందో అక్కడి ఇసుకే ఆ మనిషి. దాన్ని ఎత్తి తీసుకెళ్లి ఏదైనా పుణ్యనదిలో కలపాలి. కలిపేదాకా అది ఎవరి ఇసుకో బయటివాళ్ల దగ్గర నోరు విప్పకూడదు. చెబితే ఆ మనిషి మళ్లీ సముద్రంలోకే వెళ్లిపోతాడని మావాళ్ల నమ్మకం. ఇప్పుడు చెప్పినా తప్పు లేదు కాబట్టి చెబుతున్నాను.

మిగతావాళ్లు కృష్ణలో కలిపేవాళ్లు, కాస్త ఉన్నవాళ్లు కాశీలో. మా అమ్మ మాత్రం నేపాలం అని కూర్చుంది. మా నాయన బతికున్నప్పుడు ఒక బైరాగి ఆయనకు పశుపతినాథుడి గురించి చెప్పాడట. పశువులన్నిటికీ ఆయనే దేవుడని. ఆ మాట నాయనకు పట్టుకుంది. "చేపలు నీళ్లలో పశువులే గదా. వాటిని చంపి బతికినోళ్లం. పోతే ఆయన దగ్గిరికే పోయి చెప్పుకోవాల" అనేవాడట. అమ్మ పదహారేళ్లు ఆ మాట మోసింది. నేను టీచరు ట్రైనింగు ముగించి, ఉద్యోగంలో చేరి, ఇద్దరికీ యాత్ర టికెట్లు కొనగలిగేదాకా ఆగింది.

బయల్దేరే రోజు పొద్దున అమ్మ ఒడ్డుకు వెళ్లి చిన్న ఇత్తడి బిందె నిండా ఇసుక ఎత్తుకొచ్చింది. మూతికి తెల్లగుడ్డ కట్టింది.

"పిడికెడు చాలదా అమ్మా? ఇంత బరువు ఎట్టా మోస్తావు?" అన్నాను.

"మీ నాయన్ని వాళ్లమ్మ కన్నప్పుడు ఎంతుండాడో అంతన్నా ఉండొద్దా మే?" అంది.

ఆ బిందెను పసిబిడ్డలా చంకనెత్తుకుని బస్సెక్కి, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

యాత్ర నడిపేది బుచ్చిరెడ్డిపాలెం ఆయన. ధాన్యం వ్యాపారం చేసి చేసి మనుషుల్ని కూడా బస్తాల్లాగే సర్దడం అలవాటైన మనిషి. అందరూ ఒకే ధర కట్టి టికెట్టు కొన్నా, సీట్లు మాత్రం ఆయన ఇష్టం. ముందు వరసలో అల్లూరు ఆసామి, ఆయన భార్య. వందెకరాల మాగాణి ఉందని ఆయన చెప్పుకోనవసరం లేదు, కూర్చునే తీరే చెప్పేది. మాకు ఇచ్చింది ఆఖరు బెంచీ. దాని కింద జాకీ, గొలుసులు, స్పేరు టైరు.

"మా అమ్మకు వాంతులవుతాయి. ముందర ఇప్పించండి" అని అడిగాను.

"అందరికీ అవుతాయమ్మా. ముందరోళ్లు పెద్దోళ్లు. నువ్వు చదువుకున్న దానివి, నీకు చెప్పాల్నా?" అన్నాడు.

బస్సు కదిలిన గంటకే ఆసామి భార్య ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. "నీసు వాసన వస్తాండాది. కిటికీలు తెరవండబ్బా" అంది. నలభై రోజుల ముందు నుంచే మా ఇంట్లో చేప పొయ్యి ఎక్కలేదు. యాత్రకని అమ్మ అంత నిష్ఠగా ఉంది. నేను లేచి ఆ మాటే చెప్పాను. ఆవిడ వెనక్కి తిరగకుండానే, "పుట్టుకతో వచ్చే వాసన నలభై దినాలకు పోతాదా టీచరమ్మా" అంది. ముందు వరసల్లో నవ్వులు వినిపించాయి. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

భోజనాలూ అంతే. బస్సు ఆపినచోటల్లా వంటాయన రాళ్లు పేర్చి పొయ్యి వెలిగించేవాడు. విస్తళ్లు వరసగా వేసేవాళ్లు. మా రెండు విస్తళ్లూ వరస చివర, మధ్యలో ఇంకో ఇద్దరు కూర్చునేంత ఖాళీ వదిలి. రసం మా దాకా వచ్చేసరికి నీళ్లే మిగిలేవి. నేను ప్రతిపూటా అడిగేదాన్ని. ప్రతిపూటా అమ్మ నా చెయ్యి పట్టుకుని లాగేది. "మనం తినను రాలేదు మే" అనేది. నేను మాత్రం తినడానికే వచ్చినట్టు పోట్లాడేదాన్ని. నాగపూరు దాటేసరికి బస్సులో నాకు 'అర్జీలమ్మ' అని పేరు పెట్టారు.

కాశీలో అందరూ గంగలో మునిగారు. అమ్మ కూడా మునిగింది. బిందె మాత్రం ఒడ్డున నా చేతిలో పెట్టి, "కింద పెట్టబాకు" అంది. అంతమంది మధ్య గంగ ఒడ్డున దాన్ని పట్టుకుని నిలబడితే చేతులు పీకాయి. ఇక్కడే కలిపేయొచ్చు కదా అనిపించింది. అన్నాను కూడా. అమ్మ తడి జుట్టు పిండుకుంటూ, "ఆయన చెప్పింది ఈడ కాదు" అంది. అంతే.

గంగ దాటి, రక్సౌల్ మీదుగా నేపాలం సరిహద్దుకు చేరాం. బీర్‌గంజ్‌లో కస్టమ్స్ వాళ్లు బస్సు ఆపి సామాన్లన్నీ దింపించారు. ఊరగాయ జాడీల మూతలు తీసి చూశారు. బియ్యం బస్తాల్లోకి ఇనుప చువ్వ పొడిచారు. అమ్మ బిందె దింపకుండా బస్సు పక్కన నిలబడింది. టోపీ పెట్టుకున్న ఉద్యోగి ఒకాయన వచ్చి అందులో ఏముందని హిందీలో అడిగాడు. అమ్మకు అర్థం కాలేదు. గుడ్డ మీద చెయ్యి అడ్డం పెట్టింది. అంతే, ఆయనకు అనుమానం వచ్చింది.

"బంగారమేమో సామీ!" అని ఆసామి కేకేశాడు. "ఇంటికాడి నుంచి ఒళ్లో నుంచి దించితే ఒట్టు. బాగా చూడు."

అందరూ మా చుట్టూ మూగారు. ఆ బస్సులో హిందీ వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. పరీక్షలు కూడా పాసయ్యాను. అమ్మ నా వైపు చూసింది. తొందరగా వదిలించుకోవాలని అందులో ఉన్నది ఇసుకేనని హిందీలో చెప్పాను. అతను గుడ్డ విప్పి, వేళ్లు పెట్టి కెలికి, దులుపుకుని నవ్వాడు. మనవాళ్లు ఏంది, ఏంది అని ఒకటే అడగడం. వాళ్ల కోసం తెలుగులో కూడా చెప్పాను.

"ఇసక. ఉత్త ఇసక. మా అమ్మకు అదొక పిచ్చి."

నేను కూడా నవ్వాను.

"ఉత్త ఇసకేనా!" అన్నాడు బుచ్చిరెడ్డిపాలెం ఆయన. "ఇన్ని దినాలూ కాలు చాపుకునేదానికి చోటు లేకుండా చేసినారే. ఇట్ట తేమ్మా." అమ్మ చేతుల్లోంచి బిందె తీసుకుని మా బెంచీ కింద గొలుసుల పక్కకు తోసేశాడు. ఇనుము ఇత్తడికి తగిలి ఖంగుమంది. ఇసుకే అని నేనే చెప్పాక ఇంకేం వాదించను? అమ్మ సీట్లో కూర్చుని రెండు మడమలూ వెనక్కి పెట్టి బిందెను తాకించుకుంది. ఆ పూటంతా అలాగే కూర్చుంది.

హేటౌడా దాటాక కొండలు మొదలయ్యాయి. అలాంటి దారి అంతకుముందు నేను చూడలేదు. ఒకపక్క కొండ, ఒకపక్క లోయ. దారి పాము చుట్టలు చుట్టుకున్నట్టు పైకి పోతుంది. కింద మలుపులో ఇందాక దాటిన లారీ అగ్గిపెట్టెంత కనిపిస్తుంది. ముందు సీట్లవాళ్లు గోవింద గోవింద అంటున్నారు. ఆఖరు బెంచీ మీద ప్రతి మలుపుకూ మేము ఎగిరి ఇనుప కమ్మీకి గుద్దుకుంటున్నాం. అమ్మ వాంతి చేసుకుంది. కిటికీలోంచి చేసుకున్నా, "ఎవురదీ గలీజు చేసేది" అని ముందు నుంచి కేక. చలి. మా దగ్గర ఉన్నది ఒకే దుప్పటి. సముద్రం పక్కన పుట్టినవాళ్లకు చలంటే ఏం తెలుసు, ఒక దుప్పటి చాలనుకున్నాం. యాత్ర కాగితంలో ఒక్క ముక్క రాసుంటే ఇంకోటి తెచ్చుకునేవాళ్లం. దాని గురించి కూడా తర్వాత ఉత్తరం రాశాను.

ముందురోజు వాన పడింది. కనుమ ఇంకా ఎక్కవలసి ఉండగా ఒకచోట మట్టి జారి దారి మీద పరుచుకుంది. బస్సు అందులోకి దిగి ఆగిపోయింది. డ్రైవరు గట్టిగా తొక్కిన కొద్దీ వెనక చక్రాలు ఉన్నచోటే తిరిగి బురద చిమ్మాయి. బస్సు అంగుళం అంగుళం లోయ వైపు జారింది.

"దిగండి, దిగండి! బరువు తగ్గాల. అందరూ నడిచి ఆ మలుపు పైకి పోండి" అని డ్రైవరు అరిచాడు.

అమ్మ బిందె కోసం కిందికి వంగింది. అందరూ తలుపు వైపు తోసుకుంటున్నారు. బుచ్చిరెడ్డిపాలెం ఆయన తలుపు దగ్గర నిలబడి, "సామాన్లు ముట్టుకోబాకండి, మనుషులు దిగండి ముందు" అని కేకలు. నేనే అమ్మ భుజం పట్టుకుని దించేశాను. బస్సు పడిపోతుందేమోనని నా భయం. ఆసామి ఒక్కడే మోకాళ్ల నొప్పులని దిగలేదు. బరువు తగ్గించే పనిలో ఆయన బరువు లెక్కలోకి రాదు కాబోలు.

మేము ఆయాసపడుతూ మలుపు పైకి చేరాం. అక్కడ నుంచి బస్సు కనపడదు, ఇంజను రొద మాత్రం వినిపిస్తుంది. చాలాసేపు అలాగే రొద పెట్టింది. తర్వాత ఒక్కసారి గొంతు మారింది. బస్సు మలుపు తిరిగి పైకి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను.

బస్సెక్కగానే అమ్మ బెంచీ కింద చూసింది. బిందె అక్కడ లేదు. నడవ మధ్యలో అడ్డంగా పడి ఉంది. గుడ్డ లేదు. అమ్మ దాన్ని ఎత్తి లోపల చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి బయటికి తీసి చూసుకుంది.

"ఇందులోది ఏమైంది?" అంది.

ఆసామి తన సీట్లోంచే చెప్పాడు. మంచి పని చేసిన మనిషిలా ఉత్సాహంగా చెప్పాడు. "నీ ఇసకే గదమ్మా మనల్ని గట్టెక్కించింది! డ్రైవరూ వంటాయనా రాళ్లేసినారు, కొమ్మలేసినారు, గోతాలేసినారు, ఊహూ. ఇసకన్నా ఉంటే పట్టు దొరుకుతాదని డ్రైవరు మొత్తుకున్నాడు. ఈ కొండల్లో ఇసక యాడిది? అప్పుడు నాకే తట్టింది, టీచరమ్మ వాళ్ల ఉత్త ఇసక ఉండాది గదా అని. చక్రాల కింద పోస్తే చూడు, ఒక్క దెబ్బకు!"

"బో మంచి పని చేసినావన్నా" అని ఎవరో అన్నారు.

అమ్మ బిందె పట్టుకుని బస్సు దిగింది. వచ్చిన దారినే కిందికి నడిచింది. నేను వెనకాలే పరిగెత్తాను. బురదలో చక్రాల గాడి లోతుగా పడి ఉంది. అందులో అక్కడక్కడ మా ఊరి ఇసుక తెల్లగా కనిపిస్తోంది. చాలావరకు మట్టిలోకి తొక్కుకుపోయింది. అమ్మ మోకాళ్ల మీద కూర్చుని గోళ్లతో ఆ తెల్లని చోట్లు గీరి బిందెలో వేయడం మొదలుపెట్టింది. నేనూ కూర్చున్నాను. మట్టి చల్లగా, జిగటగా ఉంది. అమ్మ మట్టిని పిండి, పడేసి, మళ్లీ వెతికింది.

పైన హారను మోగింది. మళ్లీ మోగింది. బుచ్చిరెడ్డిపాలెం ఆయన మలుపు దాకా వచ్చి నడుము మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఏందమ్మా ఇది? పొద్దుగూకే లోపల కనుమ దాటాల. ఇసక్కి ఏడవాల్నా? ఊరికి పోయినాక పెన్నా ఇసక బండెడు తోలిస్తా, సరేనా?"

"మీరు పోసింది ఏందో తెలుసా మీకు?" అని నేను లేచాను. అమ్మ బురద చేత్తో నా చీర కుచ్చెళ్లు పట్టుకుంది. తల అడ్డంగా ఊపింది. చెప్పకూడదు. నీళ్లలో ఇంకా కలవలేదు కదా. నోట్లోకి వచ్చిన మాట మింగేశాను. నా జన్మలో మింగింది ఆ ఒక్క మాటే.

డ్రైవరు కూడా దిగి వచ్చాడు. కావలి వైపు మనిషి, అప్పటిదాకా మాతో పలికింది లేదు. అమ్మను కాసేపు చూశాడు. "తెలవక పోసినానక్కా" అన్నాడు. టైరు సందుల్లో ఇరుక్కున్నది కూడా స్క్రూడ్రైవరుతో గీరి, దోసిట్లో తెచ్చి బిందెలో వేశాడు. అందులో నూనె మరకలు ఉన్నాయి. ఆ బస్సు మొత్తం మీద క్షమాపణలాంటి మాట అన్నది ఆయనొక్కడే. హారను కొట్టింది కూడా ఆయనేనని నేను మర్చిపోలేదు.

మర్నాడు మధ్యాహ్నం పశుపతి గుడికి తీసుకెళ్లారు. లోపలి పూజారులు మన దక్షిణాదివాళ్లేనని తెలిసి బస్సంతా పొంగిపోయింది. అందరూ వరసలోకి పరిగెత్తారు. మేమిద్దరం గుడి పక్క నుంచి ఏటి మెట్ల మీదికి దిగాం. బాగమతి నది అంటే ఏదో పెద్దది అనుకున్నాను. సన్నటి ఏరు. అవతల గట్టు మీద ఒక చితి కాలుతోంది. చితి ఆరాక బూడిదను నీళ్లలోకి తోసేస్తున్నారు. ఒకరి తర్వాత ఒకరికి, ఎంత సులువుగా జరిగిపోతోందో.

అమ్మ ఆఖరు మెట్టు మీద నిలబడి బిందెలోకి చూసింది. అడుగున బెత్తెడు నల్లటి ముద్ద.

"పోసెయ్యమ్మా" అన్నాను. "ఎంతుంటే అంత."

"ఇందులో మీ నాయన ఎంత, కొండ ఎంత?" అంది. "మిగతా మనిషి ఆ దోవలో లారీల కింద ఉండాడు. సగం మనిషిని దించి, నేను దేవుడి మొహం ఎట్ట చూసేది?"

పోయలేదు. గుడిలోకీ రాలేదు. నన్ను వెళ్లి దణ్ణం పెట్టుకు రమ్మంది. నేను వెళ్లలేదు. దణ్ణం పెట్టే మనసు ఎవరికుంది? ఇద్దరం వెళ్లి ఖాళీ బస్సులో కూర్చున్నాం. అందరూ ప్రసాదాలతో, రుద్రాక్షలతో తిరిగి వచ్చారు. ఆసామి భార్య మా దగ్గరికి వచ్చి, కొంగు ముక్కుకు అడ్డం లేకుండానే, "ఇంత దూరం వచ్చి దేవుణ్ణి చూడకపోతే ఎట్టమ్మా? ఇసక మీద అలిగితే దేవుడిదా తప్పు?" అంది. ఆవిడ మాతో నవ్వుతూ మాట్లాడింది అదొక్కసారే. అది కూడా ఈ మాటకు.

నెల్లూరు చేరాక బుచ్చిరెడ్డిపాలెం ఆయనకు ఆరు ఉత్తరాలు రాశాను, రిజిస్టరు చేసి. సీటు గురించి, విస్తళ్ల గురించి, దుప్పటి గురించి, బిందె గురించి. ఇసుక ఎవరిదో రాయలేదు, అడక్కుండా ఒకరి సామాను ముట్టుకోవడం గురించే రాశాను. జవాబు లేదు. ఒకరోజు అల్లూరు బస్టాండులో ఎదురైతే పదిమందిలో నిలదీశాను. "ఉత్త ఇసక అని చెప్పింది ఎవురు? నేనా, ఆసామా? నీ నోటితో నువ్వే గదమ్మా!" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. నేను ఆరోజు ఇంటికి నడిచే వెళ్లాను, బస్సెక్కబుద్ధి కాలేదు. ఏడో ఉత్తరం రాయలేదు.

ఊరికి వచ్చిన మర్నాడు జరిగింది ఇంకా చెప్పలేదు. అమ్మ పొద్దున్నే బిందె తీసుకుని ఒడ్డుకు వెళ్లింది. నేనూ వెళ్లాను. నాయన తెప్ప దిగిన చోటు మా ఇంటి నుంచి సూటిగా చూస్తే కనిపిస్తుంది. బిందెలో ఉన్న ముద్ద అప్పటికి ఎండి గట్టిపడింది. అమ్మ దాన్ని తీయలేదు. దాని మీదే కొత్త ఇసుక దోసిళ్లతో మూతి దాకా పోసింది. కొంగు అంచు చించి గుడ్డ కట్టింది. కట్టి, లేచి, బిందె నా చేతుల్లో పెట్టింది.

"నా చేత కాదు ఇంక. నువ్వు తీసకపో. ఇప్పుడే కాదు, నీకు వీలున్నప్పుడు."

"సరే."

"దోవలో ఎవురన్నా ఏందని అడిగితే ఏం చెప్తావు?"

బీర్‌గంజ్ తర్వాత అమ్మ ఆ సంగతి ఎత్తడం అదే మొదలు. అన్ని రోజులూ బస్సులో నా పక్కనే కూర్చుని, నేను ముందు సీట్లవాళ్లను తిడుతుంటే వింటూ, ఒక్క మాట అనలేదు.

"మా నాయన అని చెప్తా" అన్నాను.

"అట్ట చెప్పగూడదు గదా." అమ్మ చేతుల ఇసుక దులుపుకుంది. "ఏమన్నా చెప్పు. ఉత్త ఇసక అని మాత్రం అనబాకు."